పిల్లలు ఆఫీసులో ఉన్న రోజే వెళ్లి రండి: శాన్‌ఫ్రాన్సిస్కో పాత ట్రామ్ ప్రయాణానికి నెల్లూరు, ఒంగోలు పెద్దల కోసం సమగ్ర మార్గదర్శి

నెల్లూరు, కావలి, ఒంగోలు నుంచి ఏటా ఎందరో తల్లిదండ్రులు కాలిఫోర్నియాలో ఉంటున్న పిల్లల దగ్గరకు వెళతారు. ఫ్రీమాంట్‌లోనో సన్నీవేల్‌లోనో సోమవారం నుంచి శుక్రవారం దాకా ఇంట్లోనే గడిపి, శనివారం కోసం ఎదురుచూస్తారు. ఆ శనివారం సరుకులకు, గుడికి సరిపోతుంది. "ఆ ఊళ్లో పాత ట్రామ్‌లు తిరుగుతాయట కదా, మేమిద్దరమే వెళ్లి రాగలమా? మా అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు, ఎక్కగలరా?" అని అడిగేవారు పెరుగుతున్నారు.

వెళ్లగలరు, ఎక్కగలరు. అమెరికాలో మన పెద్దవాళ్లు ఎవరి సాయమూ లేకుండా చేసి రాదగిన ప్రయాణం ఒకటి చెప్పమంటే నేను దీన్నే చెబుతాను. పేరు ఎఫ్ లైను. క్యాస్ట్రో అనే పేట దగ్గర మొదలై, మార్కెట్ స్ట్రీట్ పొడవునా వచ్చి, అఖాతం ఒడ్డు వెంబడి ఫిషర్‌మన్స్ వార్ఫ్ అనే పర్యాటకుల రేవు దాకా వెళుతుంది. దూరం సుమారు 6 మైళ్లు, సమయం దాదాపు గంట. రిజర్వేషను అక్కరలేదు. సిటీ బస్సు టికెట్టే దీనికీ టికెట్టు. కావలసిందల్లా సరైన చోట, సరైన వేళకు ఎక్కడం.

1. నెల్లూరులో ఉండగానే చేసుకోవలసినవి

మొదట మోకాళ్ల పరీక్ష. ఈ బండ్లలో ఎక్కువ భాగం 1928 నాటివి, 1940ల నాటివి. మెట్లు నిటారుగా ఉంటాయి. ఆత్మకూరు బస్టాండుకు వెళ్లి ఒక పల్లెవెలుగు బస్సు ఎక్కి దిగండి. కమ్మీ పట్టుకుని ఎవరి సాయమూ లేకుండా ఎక్కగలిగితే ట్రామ్ కూడా ఎక్కగలరు. ఎక్కలేకపోయినా దారి ఉంది, 5వ భాగంలో చెబుతాను.

రెండోది కార్డు, ఎస్కలేటర్ల అలవాటు. చెన్నైలో పని పడినప్పుడు సెంట్రల్ దగ్గర మెట్రో ఎక్కి నాలుగు స్టేషన్లు తిరిగి రండి. గేటు దగ్గర కార్డు ఆనించడం, ఎస్కలేటర్ మీద కుడికాలు పెట్టడం, బోర్డు చదివి ప్లాట్‌ఫారం వెతుక్కోవడం అక్కడే అలవాటైతే శాన్‌ఫ్రాన్సిస్కోలో కంగారు ఉండదు. చీర కట్టుకునేవారు కుచ్చిళ్లు కాస్త ఎత్తుగా పెట్టుకుని ఎస్కలేటర్ ఎక్కడం కూడా ఇక్కడే చూసుకోవాలి.

మూడోది చలి. రోహిణి కార్తెలో పెట్టె సర్దేవారికి స్వెటరు గుర్తుకు రాదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో జులైలో కూడా పగటి వేడి 20 డిగ్రీలకు అటూ ఇటూగానే ఉంటుంది, పైగా సముద్రపు గాలి, పొగమంచు. పిల్లల ఇంటి దగ్గర ఎండ మండుతుంటే ఇక్కడ చెవులు గడ్డకడతాయి. ఊరు కాస్త వెచ్చగా ఉండేది సెప్టెంబరు, అక్టోబరులలో.

సంచిలో ఉండవలసినవి:

- స్వెటరు, దాని మీద గాలి ఆపే జాకెట్టు, మంకీ క్యాప్ లేదా శాలువా
- వెనుక పట్టీ ఉన్న చెప్పులు లేదా బూట్లు (హవాయి చెప్పులతో ట్రామ్ మెట్లు ఎక్కవద్దు)
- మధ్యాహ్నం వేసుకోవలసిన మాత్రలు, మంచినీళ్లు, షుగరు ఉన్నవారికి రెండు బిస్కెట్లు
- పిల్లల ఇంటి చిరునామా, ఫోను నంబరు ఇంగ్లిషులో రాసిన కాగితం, ఇద్దరి దగ్గరా చెరొకటి
- ఒక డాలరు నోట్లు కొన్ని

విదేశీ నగదు మార్చుకునేటప్పుడు అందరూ వంద డాలర్ల నోట్లే తెచ్చుకుంటారు. ట్రామ్‌లో అవి పనికిరావు. చిన్న నోట్లు అడిగి తీసుకోండి, లేకపోతే అక్కడికి చేరాక పిల్లల చేత మార్పించుకోండి.

2. టికెట్టు

ఆ ఊరి సిటీ రవాణా సంస్థ పేరు మ్యూని. బస్సులు, భూగర్భ రైళ్లు, ఈ పాత ట్రామ్‌లు అన్నీ దానివే. టికెట్టు కొట్టే కండక్టరు ఉండడు, డ్రైవరు ఒక్కరే. నగదు అయితే డ్రైవరు పక్కన ఉన్న పెట్టెలో వేయాలి. పెద్దలకు 3 డాలర్లు. 5 వేస్తే మిగతా 2 తిరిగి రావు. డబ్బు వేశాక ఇచ్చే కాగితం దిగేదాకా దాచుకోండి, తనిఖీవారు అడుగుతారు.

నగదు కంటే క్లిప్పర్ కార్డు, అంటే ముందుగా డబ్బు వేసి ఉంచుకునే ప్రయాణ కార్డు, మేలు. మ్యూనికీ, ఫ్రీమాంట్ వైపు నుంచి వచ్చే బార్ట్ రైలుకూ, సన్నీవేల్ వైపు నుంచి వచ్చే కాల్‌ట్రెయిన్ రైలుకూ ఒకటే కార్డు. ఛార్జీ కూడా కొంచెం తక్కువ. 65 ఏళ్లు నిండినవారికి రాయితీ కార్డు వేరుగా ఉంది. వయసు రుజువు చూపి తీసుకోవాలి కాబట్టి ఆ పని పిల్లలకు ముందుగానే అప్పగించండి. 18 ఏళ్లు, అంతకంటే తక్కువ వయసున్న పిల్లలకు మ్యూనిలో టికెట్టు అక్కరలేదు, మనవళ్లను తీసుకువెళితే ట్రామ్ ఖర్చు పెరగదు. ఛార్జీలు అప్పుడప్పుడు మారుతుంటాయి కనుక వెళ్లే ముందురోజు ఒకసారి చూడమనండి.

ఒకసారి కార్డు ఆనిస్తే మ్యూనిలో 2 గంటల వరకు అదే టికెట్టు చెల్లుతుంది. బండి మారినప్పుడల్లా మళ్లీ ఆనించాలి, కానీ రెండోసారి డబ్బు పోదు. కింద చెప్పే పద్ధతిలో భూగర్భ రైలు, ట్రామ్ రెండూ ఒకే టికెట్టులో అయిపోతాయి.

జాగ్రత్తలు:

- మనిషికొక కార్డు. భార్యాభర్తలిద్దరూ ఒకే కార్డు ఆనించకూడదు.
- బార్ట్‌లో, కాల్‌ట్రెయిన్‌లో ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ కార్డు ఆనించాలి. ట్రామ్‌లో ఎక్కేటప్పుడు మాత్రమే.
- కార్డులో రానూపోనూ సరిపడా డబ్బు ఉందో లేదో ఇంట్లోనే చూసుకోండి.

3. ఏ రోజు, ఏ వేళ

మంగళవారం లేదా గురువారం. శని, ఆదివారాల్లో ఊరంతా వార్ఫ్‌లోనే ఉంటుంది, మీకు సీటు దొరకదు. మంగళ, గురువారాల్లో జనం తక్కువ, పైగా దారిలో ఉన్న ఫెర్రీ బిల్డింగ్ అనే పడవల స్టేషను ముందు రైతుబజారు ఉంటుంది. శనివారం బజారు ఇంకా పెద్దదే, కానీ ఆ రద్దీలో మోకాళ్ల నొప్పులున్నవారిని నిలబెట్టడం నాకు ఇష్టం లేదు.

ఉదయం 9:30 ప్రాంతంలో ట్రామ్‌లో కూర్చునేటట్లు ప్రణాళిక వేసుకోండి. 11 దాటితే పర్యాటకుల గుంపులు మొదలవుతాయి. సాయంత్రం 4 తరువాత ఆఫీసులు వదిలిన జనంతో బార్ట్ కిటకిటలాడుతుంది. ఈ రెండింటి మధ్య మీ ప్రయాణం ముగిసిపోవాలి.

4. ఎక్కడ ఎక్కాలన్నదే అసలు విషయం

దాదాపు అందరూ బార్ట్ దిగి, పావెల్ స్టేషను మెట్లెక్కి పైకి వచ్చి, మార్కెట్ స్ట్రీట్ మీద కనబడిన ట్రామ్ ఎక్కేస్తారు. అప్పటికే అది నిండి ఉంటుంది. దారంతా పైకమ్మీ పట్టుకుని నిలబడి, ఏమీ చూడకుండా వార్ఫ్‌లో దిగుతారు. తరువాత "ట్రామ్‌లో ఏముంది?" అంటారు. మొదటి స్టాపులో ఎక్కినవారికి కిటికీ పక్కన సీటు దొరుకుతుంది. అందుకని అరగంట వెనక్కి వెళ్లి క్యాస్ట్రోలోనే ఎక్కండి.

వరుస ఇది:

1. ఫ్రీమాంట్, డబ్లిన్ వైపు నుంచి వచ్చేవారు శాన్‌ఫ్రాన్సిస్కో మీదుగా డేలీ సిటీకి వెళ్లే బార్ట్ ఎక్కి పావెల్ స్టేషనులో దిగాలి.
2. బార్ట్ గేటు దగ్గర కార్డు ఆనించి బయటకు రండి. వీధిలోకి వెళ్లకండి. అదే స్టేషనులో మ్యూని గేట్లు ఉంటాయి. మ్యూని ప్లాట్‌ఫారం బార్ట్‌కు పై అంతస్తులో ఉంటుంది.
3. నగరం బయటి వైపు వెళ్లే కె, ఎల్, ఎమ్ రైళ్లలో ఏదైనా ఎక్కండి. జె, ఎన్ ఎక్కవద్దు, అవి క్యాస్ట్రోకు పోవు.
4. సివిక్ సెంటర్, వాన్ నెస్, చర్చ్, ఆ తరువాత క్యాస్ట్రో. నాలుగో స్టాపులో దిగండి.
5. పైకి వచ్చాక 17వ వీధి, క్యాస్ట్రో వీధి, మార్కెట్ స్ట్రీట్ కలిసే కూడలి కనబడుతుంది. పట్టాలు అక్కడే మొదలవుతాయి. ట్రామ్ అక్కడి నుంచే బయలుదేరుతుంది.

సన్నీవేల్, మౌంటెన్ వ్యూ వైపు వారు కాల్‌ట్రెయిన్‌లో చివరి స్టేషను దాకా వచ్చి, బయట ఎన్ రైలు ఎక్కి, ఎంబార్కడెరో భూగర్భ స్టేషనులో దిగి, అక్కడ కె, ఎల్, ఎమ్‌లలో ఒకటి పట్టుకోవాలి. ఒకసారి ఎక్కువగా బండి మారాలి, అంతే.

కారులో దింపించుకునేవారు కూడా క్యాస్ట్రో దగ్గరే దింపమనండి. ఊరి నడిబొడ్డున మార్కెట్ స్ట్రీట్ మీదికి సొంత కార్లను రానివ్వరు. కారును వార్ఫ్‌లో ఎక్కడైనా ఆపితే లోపల సంచి, ఫోను, చివరకు ఖాళీ అట్టపెట్టె కూడా కనబడకుండా చూసుకోండి. ఆ ఊళ్లో కారు అద్దాలు పగలగొట్టి సామాను తీసుకుపోవడం మామూలు విషయం.

5. ఎక్కడం, కూర్చోవడం

బండి ముందు అక్షరం ఎఫ్, దాని పక్కన ఫిషర్‌మన్స్ వార్ఫ్ అని ఉందా చూడండి. ముందు తలుపు నుంచి ఎక్కండి. మొదట కమ్మీ పట్టుకోవాలి, తరువాత కాలు పెట్టాలి. కార్డు ఆ తరువాత తీయవచ్చు. ఒక చేతిలో కార్డు, మరో చేతిలో సంచి పట్టుకుని ఎక్కబోయినవారే తూలిపడతారు.

మెట్లు ఎక్కలేనివారికి కొన్ని స్టాపుల్లో, స్టాపు చివర ర్యాంపు ఉన్న ఎత్తైన అరుగు ఉంటుంది. అక్కడ నిలబడి డ్రైవరుకు చెయ్యి ఊపితే బండిని దానికి సరిగ్గా ఆపి, మధ్యన పలక వేస్తారు. చక్రాల కుర్చీ కూడా దాని మీదుగా లోపలికి వెళుతుంది. ఎక్కే స్టాపుకూ దిగే స్టాపుకూ ఆ ర్యాంపు ఉందో లేదో ముందురోజే మ్యూని పటంలో చూసుకోండి. ఎక్కేచోట ఉండి దిగేచోట లేకపోతే ఇబ్బంది పడతారు.

ఏ బండి వచ్చిందో నంబరు చెబుతుంది. 10తో మొదలయ్యే నాలుగంకెల నంబరు అయితే అది పీసీసీ అనే గుండ్రటి ముక్కు బండి. ఒక్కొక్కదానికి ఒక్కో ఊరి ట్రామ్ రంగులు వేశారు: 1059 బోస్టన్‌ది, 1072 మెక్సికో సిటీది, 1074 టొరంటోది. 18తో మొదలైతే ఇటలీలోని మిలాన్ నుంచి తెచ్చిన 1928 నాటి బండి. రెండింటిలో కూర్చునే పద్ధతి వేరు.

పీసీసీలో సీట్లు ముందుకు చూస్తాయి. కుడివైపు కిటికీ పక్కన కూర్చోండి, నీళ్లు అటే ఉంటాయి.

మిలాన్ బండిలో గోడల పొడవునా చెక్క బల్లలు ఎదురెదురుగా ఉంటాయి. కుడివైపు కూర్చుంటే మీ వీపు అఖాతం వైపు ఉంటుంది. కాబట్టి ఎడమ బల్ల మీద కూర్చుని ఎదుటి కిటికీల్లోంచి చూడాలి. తొంభై ఏళ్లకు పైగా మనుషులు కూర్చుని కూర్చుని ఆ చెక్క అద్దంలా నునుపు తేలింది. పట్టుచీరతో కూర్చుంటే బ్రేకు వేసినప్పుడల్లా పక్కకు జారిపోతారు. బల్ల చివర, నిలువు కమ్మీ అందేచోట కూర్చోండి. గోడల మీద ఇటాలియన్ రాతలు అలాగే ఉంచారు. "ఉషీత" అని ఉన్న చోటు నుంచి దిగాలి.

పైకప్పు లేని పడవ ఆకారపు ట్రామ్ కోసం చాలామంది అడుగుతారు. అది ఇంగ్లండులోని బ్లాక్‌పూల్‌ది, 1934 నాటిది. వాతావరణం బాగున్న కొన్ని రోజుల్లోనే తిప్పుతారు. ఆ రోజు ఏ ఏ బండ్లు రోడ్డు మీద ఉన్నాయో మార్కెట్ స్ట్రీట్ రైల్వే అనే స్వచ్ఛంద సంస్థవారి పటంలో ఫోనులోనే కనబడుతుంది. ఇంత దూరం వచ్చి మిలాన్ బండి ఎక్కకుండా పోవద్దు. పటంలో 18తో మొదలయ్యే నంబరు దగ్గరలో కనబడితే ముందొచ్చిన బండిని వదిలి దానికోసం ఆగండి.

6. దారిలో ఏమి చూసుకోవాలి

మార్కెట్ స్ట్రీట్ మీద ఉన్నంతసేపు ఎదురుగా గడియారపు స్తంభం ఒకటి క్రమంగా పెద్దదవుతూ ఉంటుంది. అది 1898లో కట్టిన ఫెర్రీ బిల్డింగ్. అక్కడికి చేరాక బండి ఎడమకు తిరిగి ఒడ్డు పట్టుకుంటుంది.

ఇక్కడి నుంచి దారి తప్పామా అన్న అనుమానానికి చక్కటి గుర్తు ఉంది. ఒడ్డున రేవులకు నంబర్లు రాసి ఉంటాయి. ఫెర్రీ బిల్డింగ్‌కు ఉత్తరాన అన్నీ బేసి సంఖ్యలు, దక్షిణాన అన్నీ సరి సంఖ్యలు. కుడివైపు 1, 3, 5, 9 అని పెరుగుతూ పోతుంటే మీరు సరైన దారిలోనే ఉన్నారు. ఆల్కట్రాజ్ దీవి పడవలు బయలుదేరేది 33 నుంచి. సముద్ర సింహాలు ఉండేది 39లో.

వెళ్లేటప్పుడు ఫెర్రీ బిల్డింగ్ దగ్గర దిగకండి. దిగితే మళ్లీ సీటు దొరకదు. అది తిరుగు ప్రయాణానికి.

7. వార్ఫ్‌లో రెండు గంటలు

చివరి స్టాపు దాకా పోనవసరం లేదు. పియర్ 39 (పైన చెప్పిన 39వ రేవు) దగ్గర దిగి, అక్కడి నుంచి చివరి స్టాపు వైపు నెమ్మదిగా నడవండి. మరుగుదొడ్లు పియర్ 39లో ఉన్నాయి, దిగగానే ఆ పని చూసుకోండి. 1989లో భూకంపం వచ్చిన కొద్ది నెలలకు అక్కడి తెప్పల మీదకు చేరిన సముద్ర సింహాలు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. జూన్, జులైలలో చాలావరకు పిల్లలు పెట్టడానికి దక్షిణానికి వెళ్లిపోతాయి కాబట్టి ఆ నెలల్లో తెప్పలు ఖాళీగా కనబడితే నిరాశపడకండి.

తిండి సంగతి. రొట్టె గిన్నెలో పోసి ఇచ్చే తెల్లటి సూపు పేరు క్లామ్ చౌడర్. చూడటానికి పాల సూపులా ఉంటుంది, కానీ అందులో సముద్రపు గుల్లల మాంసం ఉంటుంది. శాకాహారులు పేరు అడగకుండా కొనవద్దు. నెల్లూరు చేపల పులుసు తిన్న నోటికి అక్కడి చేప చప్పగా అనిపిస్తుంది, కారప్పొడి పొట్లం సంచిలో వేసుకుంటే తీరిపోతుంది. ఇంటి నుంచి పులిహోర తెచ్చుకుంటే బయట బల్ల మీద కూర్చుని తినండి, ట్రామ్‌లో తినకూడదు. డబ్బా మూత తీసి పక్కన పెట్టకండి, సీగల్ పక్షులు చేతిలో ముద్దను కూడా తన్నుకుపోతాయి.

8. తరచుగా జరిగే పొరపాట్లు, వాటికి మార్గాలు

కేబుల్ కారునే ట్రామ్ అనుకోవడం. పావెల్ స్టేషను పైన పెద్ద వరుస కనబడితే అది కేబుల్ కారుది. అది భూమి కింద పరుగెత్తే ఇనుప తాడును పట్టుకుని కొండలెక్కే బండి, టికెట్టు ట్రామ్‌కు రెండింతలకు మించి ఉంటుంది, మీ 2 గంటల టికెట్టు అక్కడ చెల్లదు. మన ట్రామ్‌కు పైన కరెంటు తీగ ఉంటుంది. తల ఎత్తి చూస్తే తేడా తెలిసిపోతుంది.

ఎఫ్ అని రాసి ఉన్న బస్సు రావడం. ట్రామ్‌లు తక్కువైనప్పుడు, పట్టాల పని ఉన్నప్పుడు బస్సు వేస్తారు. తొందర లేకపోతే వదిలేయండి.

బండి నడిరోడ్డున ఆగి లైట్లు ఆరిపోవడం. తీగకు ఆనే పొడవాటి గడ జారి ఉంటుంది. డ్రైవరు దిగి, బండి వెనక్కి వెళ్లి, తాడుతో ఆ గడను మళ్లీ తీగకు తగిలిస్తారు. మీరు కదలకుండా కూర్చుంటే చాలు. తలుపు తెరిచి ఉందని దిగబోకండి, పక్కనే వాహనాలు పోతుంటాయి.

స్టాపు దాటిపోవడం. కిటికీ పైనున్న తాడు లాగితేనో మీట నొక్కితేనో తరువాతి స్టాపులో ఆగుతుంది. దాటిపోతే తరువాతి స్టాపులో దిగి వెనక్కి నడవండి, ఒడ్డున స్టాపులు దగ్గరదగ్గరగానే ఉంటాయి.

ఇద్దరిలో ఒకరు ఎక్కి మరొకరు మిగిలిపోవడం. దీనికి ఇంట్లోనే మాట అనుకోవాలి: ఎక్కినవారు తరువాతి స్టాపులో దిగి అక్కడే ఉండాలి, మిగిలినవారు తరువాతి బండిలో రావాలి. ఇద్దరూ ఒకరికోసం ఒకరు వెతుక్కుంటూ తిరగవద్దు.

గోల్డెన్ గేట్ వంతెన వస్తుందని కూర్చోవడం. ఈ ట్రామ్ అక్కడికి పోదు. అది మరో రోజుకు పెట్టుకోండి.

9. తిరుగు ప్రయాణం

పియర్ 39 దగ్గర వెనక్కి ఎక్కకండి, అప్పటికి బండి నిండిపోతుంది. జోన్స్ వీధి, బీచ్ వీధి కలిసేచోట తిరుగు బండికి మొదటి స్టాపు. మధ్యాహ్నం 12:30కు అక్కడ ఉండండి. క్యాస్ట్రో అని రాసి ఉన్న బండి ఎక్కి ఫెర్రీ బిల్డింగ్ దగ్గర దిగండి. 2 గంటల టికెట్టు అప్పటికి ముగిసి ఉంటుంది కాబట్టి కార్డులో మరో టికెట్టుకు డబ్బు ఉండాలి.

రైతుబజారు మధ్యాహ్నం 2కు సర్దేస్తారు, ముందు దాన్ని చూడండి. తరువాత రోడ్డు దాటి 77 స్టూవర్ట్ స్ట్రీట్‌లో చిన్న రైల్వే మ్యూజియం ఉంది, ప్రవేశం ఉచితం. 1911 నాటి ట్రామ్ డ్రైవరు నిలబడే చోటును ఉన్నదున్నట్టుగా తయారుచేసి పెట్టారు, మీటలు ముట్టుకుని తిప్పవచ్చు. తెరిచే వేళలు ముందురోజే చూసుకోండి.

మ్యూజియం నుంచి ఎంబార్కడెరో బార్ట్ స్టేషను నడిచి వెళ్లేంత దూరమే. ట్రామ్ మళ్లీ ఎక్కనవసరం లేదు. స్టేషనులోకి దిగేముందు:

- కార్డులో బార్ట్ ఛార్జీకి సరిపడా డబ్బు ఉందా
- ప్లాట్‌ఫారం బోర్డు మీద మీ రైలు చివరి స్టేషను పేరు ఉందా: ఫ్రీమాంట్ వారికి బెరియెస్సా, డబ్లిన్ వారికి డబ్లిన్ ప్లెజంటన్
- పిల్లలకు "రైలు ఎక్కుతున్నాం" అని ఒక సందేశం పెట్టారా

3 గంటలలోపు రైలులో ఉంటే కూర్చుని వెళ్లవచ్చు. కాల్‌ట్రెయిన్ వారు అదే స్టేషనులో మ్యూని అంతస్తుకు దిగి, ఎన్ రైలు చివరి స్టేషను కాల్‌ట్రెయిన్ అని బోర్డు మీద చూసి మరీ ఎక్కాలి, ఎందుకంటే ఎదురు దిశలో పోయే ఎన్ రైలు ఊరి అవతల ఓషన్ బీచ్‌కు తీసుకుపోతుంది.